వర్జీనియా పొలాల్లో సున్నపు మన్ను

పొలానికి సున్నం తోలడం చాలా పాత అలవాటు. గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం), బ్రిటన్ రైతులు సుద్దమన్ను తవ్వి చేలల్లో చల్లేవారని 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు. సున్నం ఎందుకు పనిచేస్తుందో, ఏ నేలకు ఎంత వేయాలో తేల్చే ప్రయత్నం మాత్రం చాలా ఆలస్యమైంది. అందులో ఒక పెద్ద అడుగు అమెరికాలోని వర్జీనియాలో పడింది.

తరాల తరబడి పొగాకు, మొక్కజొన్న పండించి అక్కడి తీరప్రాంతపు భూములు నిస్సారమయ్యాయి. ఎందరో పొలాలు వదిలి పడమటికి వలసపోయారు. జేమ్స్ నది ఒడ్డున కాగిన్స్ పాయింట్‌లో 1813లో వ్యవసాయం చేపట్టిన ఎడ్మండ్ రఫిన్‌కు అప్పటికి పంతొమ్మిదేళ్లు. ఆకూ అలమూ కలియదున్నమన్న ఆనాటి పండితుల సలహా పాటించినా దిగుబడి పెరగలేదు. అప్పుడతను రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ రాసిన వ్యవసాయ రసాయన గ్రంథం చదివి తన నేలను పరీక్షించడం మొదలుపెట్టాడు. మట్టి మీద ఆమ్లం పోశాడు. సున్నపు పదార్థం ఉంటే బుసబుస పొంగి వాయువు వెలువడాలి. చాలా మట్టి నమూనాల్లో ఏ పొంగూ కనిపించలేదు. పుల్లటి సారెల్ కలుపు, దేవదారు జాతి చెట్లు బీద నేలల్లోనే పెరగడం, సున్నమున్న చోట కనిపించకపోవడం కూడా గమనించాడు. నేల పులిసిపోయిందని, ఆ పులుపు విరగనిదే ఎంత ఎరువు వేసినా నిలవదని అతని నిర్ధారణ. అతని కృషిలో అసలు విలువ ఈ ఆలోచనదే.

మందు ఆ పొలం అడుగునే ఉంది. ఒకప్పటి సముద్రపు గుల్లలు పొరలు పొరలుగా పేరుకున్న ఆ మన్నును మార్ల్ అంటారు. 1818లో దాన్ని తవ్వించి కొంత చేనుకు వేసి మొక్కజొన్న నాటిస్తే పంట పక్క చేనుకంటే సుమారు 40 శాతం ఎక్కువగా వచ్చింది. 1832లో ఈ అనుభవాలను సున్నపు ఎరువులపై పుస్తకంగా అచ్చువేశాడు. తేలిక నేలల్లో మోతాదు మించితే పైరు దెబ్బతింటుందని కూడా అందులో హెచ్చరించాడు. గోతుల్లోంచి ఆ బరువైన మన్ను తవ్వి, బండ్లకెత్తి, చేలల్లో పరిచినవారు బానిసత్వంలో మగ్గిన నల్లజాతివారు. పేరు రఫిన్‌కు దక్కింది. అతను చివరిదాకా బానిసత్వాన్ని సమర్థించాడు. ఈ చరిత్ర చెప్పేటప్పుడు ఆ మాట దాటవేయకూడదు.

నేల పులుపును కొలిచే పీహెచ్ కొలమానాన్ని డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ 1909లో రూపొందించాడు. బాగా ఆమ్లమైన నేలలో కరిగిన అల్యూమినియం వేళ్లను దెబ్బతీస్తుందని, సున్నం దాన్ని కరగని రూపంలోకి మారుస్తుందని తర్వాత తేలింది. కాల్చిన సున్నం త్వరగా పనిచేస్తుంది, కానీ చర్మాన్ని, మొలకలను కాలుస్తుంది. సున్నపురాయి పొడి నెమ్మది, ఎంత మెత్తగా ఉంటే అంత చురుకు. మెగ్నీషియం కూడా కొరవడిన చోట డోలమైట్ మేలు. ఒకే పీహెచ్ ఉన్నా ఇసుక నేలకంటే బంకనేలకు ఎక్కువ సున్నం పడుతుంది. విత్తడానికి నెలల ముందే చల్లి, మట్టిలో కలిసేలా దున్నాలి.

తెలుగునాట సున్నపు గడ్డలు సహజంగానే ఉండే రేగడి భూములకు ఈ వైద్యం అక్కర్లేదు. క్షార చౌడుకు వేసేది జిప్సం, సున్నం కాదు.