బడి గడప తొక్కిన అమెరికా సాహిత్యం

ఒక దేశం స్వతంత్రమయ్యాక, ఆ దేశపు సాహిత్యం ఆ దేశపు బడిలో పాఠంగా నిలవడానికి ఎన్నాళ్లు పడుతుంది? అమెరికా విషయంలో దీనికి జవాబు వింటే చాలామందికి నమ్మబుద్ధి కాదు. 1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఆ దేశంలో, దాదాపు నూరేళ్ల తరువాత కూడా, కాలేజీ మెట్లెక్కదలచిన కుర్రవాడు చదవవలసినవి సముద్రం అవతలి పుస్తకాలే. 1874లో హార్వర్డు తన ప్రవేశ పరీక్షలోని వ్యాసరచనకు నిర్ణయించిన పుస్తకాలు చూడండి. షేక్స్‌పియర్ నాటకాలు మూడు, గోల్డ్‌స్మిత్ నవల ఒకటి, వాల్టర్ స్కాట్ రచనలు రెండు. అమెరికన్ రచయిత ఒక్కడూ లేడు. అప్పటికి ఎమర్సన్, మెల్విల్, విట్మన్ ముగ్గురూ బతికే ఉన్నారు. లాంగ్‌ఫెలో అయితే ఆ కేంబ్రిడ్జి ఊళ్లోనే కాపురం!

చిన్న తరగతుల రీడర్లలో అమెరికన్ కవుల పద్యాలు లేకపోలేదు. కాని అవి వల్లె వేసి ఒప్పజెప్పడానికి. హైస్కూలు మాత్రం కాలేజీ పరీక్ష ఎటు లాగితే అటు నడిచింది. ఈ పెత్తనం మీద విసుగు పుట్టిన ఉపాధ్యాయులు 1911లో షికాగోలో కూడి, ఇంగ్లీషు బోధకుల జాతీయ సంఘాన్ని స్థాపించుకున్నారు. కాలేజీలు పంపే జాబితాలు పిల్లల అవసరాలకు పనికిరావన్నది వారి ముఖ్యమైన ఫిర్యాదుల్లో ఒకటి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన చెన్నపట్నం రాష్ట్రంలోనూ బడిపిల్లల వ్యాసం మీద పెద్ద రగడ నడిచింది. స్కూలు ఫైనల్ విద్యార్థి తెలుగు వ్యాసాన్ని గ్రాంథికంలోనే రాయాలా, వాడుక భాషలో రాయవచ్చునా అన్నది తగవు. గురజాడ తన అసమ్మతి పత్రాన్ని 1914లో ప్రకటించారు. ఆ పోరాటంలో ముందు నిలిచిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడి ఆ ఊరు అందులో కలిసినప్పుడు పంతులుగారు రాజమండ్రికి తరలిపోయారు. బరంపురంలో ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు మేష్టరుగా బతికిన నాకు, ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చదువుకోవడం అలవాటైపోయింది.

ఇక అమెరికా సంగతి. మొదటి ప్రపంచ యుద్ధం అక్కడ దేశభక్తిని పొంగించింది. మన సాహిత్యం మన బడిలో ఉండవద్దా అన్న మాటకు బలం వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో అమెరికన్ రచయితలకు చోటు పెరిగింది. అదే పొంగులో 1919లో నెబ్రాస్కా రాష్ట్రం, ఎనిమిదో తరగతి దాటని పిల్లలకు ఇంగ్లీషు తప్ప మరో ఆధునిక భాష నేర్పరాదని చట్టం చేసింది. రాబర్ట్ మేయర్ అనే చర్చి బడి పంతులు పదేళ్ల పిల్లవాడికి జర్మన్‌లో బైబిలు కథలు చదివిస్తూ పట్టుబడ్డాడు. పాతిక డాలర్ల జరిమానా. ఆయన కట్టనన్నాడు. 1923లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. ఈ రెండు పరిణామాలనూ విడదీసి చదవకూడదని నా అభిప్రాయం. 'మన సాహిత్యం' అంటూ ఒక తలుపు తీసిన చెయ్యే, 'మనది కాని భాష' అంటూ మరో తలుపు మూసింది. పరభాషా రాష్ట్రాల్లో ఉంటున్న మనకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

చదవడం సరే, రాయడం మాటేమిటి? 1920లో హ్యూస్ మెర్న్స్ అనే ఆయన న్యూయార్కులో లింకన్ స్కూలు అనే ప్రయోగశాలలాంటి బడికి వచ్చాడు. కొలంబియా టీచర్స్ కాలేజీ వారిది, రాక్‌ఫెల్లర్ సొమ్ముతో నిలిచినది. వ్యాకరణం దిద్ది మార్కులు వేసే 'కాంపోజిషన్' బదులు, పిల్లలు తమకు తోచినది తోచిన మాటల్లో రాసే తరగతి ఆయన నడిపాడు. ఎక్కడో చదివినదాన్ని అనుకరిస్తే ఊరుకునేవాడు. పిల్లవాడి సొంత గొంతు పలికిన ఒక్క పంక్తి కనబడితే చాలు, దాన్నే ఎత్తి చూపేవాడు. అయిదేళ్ల అనుభవాన్ని, పిల్లల కవితలతో సహా, 1925లో 'క్రియేటివ్ యూత్' అనే పుస్తకంగా వేశాడు. సృజనాత్మక రచన అన్న పేరు ఒక పాఠ్యవిషయానికి స్థిరపడింది అక్కడినుంచేనని చరిత్రకారులు అంటారు. దీనికి పేరుమోసిన అయోవా విశ్వవిద్యాలయపు రచయితల కార్యశాల 1936లో గాని మొదలు కాలేదు. అంటే హైస్కూలే ముందు!

కలిగినవాళ్ల బడి, కొద్దిమంది పిల్లలు, అక్కడ ఏదైనా చెల్లుతుంది అనవచ్చు. నేనూ అంటాను. యాభైమంది ఉన్న తరగతిలో ఒడియా మాట కలిసిన తెలుగు వాక్యానికి ఎర్రసిరా గీత పడటం నేను రోజూ చూసినదే. అయితే హార్లెం కథ వినండి. నల్లవారి పేట అది. కౌంటీ కల్లెన్ పేరున్న కవి. 1934 నుంచి అక్కడి ఫ్రెడరిక్ డగ్లస్ జూనియర్ హైస్కూలులో ఫ్రెంచి పంతులు. ఆయన శిష్యుల్లో జేమ్స్ బాల్డ్విన్ ఒకడు. బాల్డ్విన్ ఆ తరువాత చేరిన డెవిట్ క్లింటన్ హైస్కూలు, ఒకప్పుడు కల్లెన్ చదివినదే. అక్కడి విద్యార్థుల పత్రిక 'మ్యాగ్‌పై'కి గురువూ పనిచేశాడు, శిష్యుడూ సంపాదకుడయ్యాడు. బాల్డ్విన్ కాలేజీ గడప తొక్కలేదు. అమెరికా గర్వించే వచన రచయితల్లో ఒకడికి బడి పత్రికే రచనాశాల అయింది.

అన్నిటికంటె నన్ను కదిలించినది ఆదివాసుల కథ. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో తెరిచిన ఆవాస పాఠశాలలో పిల్లల జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, ఇంటి భాష పెగిలితే దండించారు. 1918 దాకా అది నడిచింది. (అటు గిడుగు పంతులుగారు పర్లాకిమిడి చుట్టుపట్ల సవర పిల్లలకు సవర భాషలోనే వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టించారు. లోకంలో రెండు రకాల పంతుళ్లూ ఒకే కాలంలో ఉన్నారు.) 1962లో అమెరికా ప్రభుత్వమే శాంటా ఫేలో ఆదివాసీ కళల సంస్థను తెరిచింది. మొదట అది హైస్కూలు. చిత్రలేఖనంతో పాటు రచన కూడా అక్కడ పాఠమే. 1960లలో అక్కడ చదువుకున్న మస్కోగీ తెగ బాలిక జాయ్ హార్జో, 2019లో అమెరికా ఆస్థానకవి అయింది. ఆ పదవికి వచ్చిన మొదటి ఆదివాసి ఆమె.

ఇంతటితో తగవు తీరిందనుకోకండి. ఆరిజోనా రాష్ట్రంలోని టూసాన్ పట్టణపు హైస్కూళ్లలో మెక్సికన్ మూలాల పిల్లల కోసం చరిత్ర, సాహిత్య తరగతులు ఉండేవి. అమెరికన్ సాహిత్యాన్ని తమ తాతముత్తాతల వైపు నుంచి చదివే ఏర్పాటు అది. 2010లో రాష్ట్రం దానికి అడ్డుగా చట్టం చేసింది. 2012 జనవరిలో తరగతులు ఆగిపోయాయి, ఏడు పుస్తకాలను గదుల్లోంచి తీసి గిడ్డంగికి పంపారు. 2017లో ఫెడరల్ న్యాయమూర్తి ఆ నిషేధం రాజ్యాంగ విరుద్ధమనీ, జాతి వైషమ్యంతో చేసినదనీ తీర్పు చెప్పాడు. ఈలోపల ఆ తరగతుల్లో కూర్చున్న పిల్లలంతా బడి దాటిపోయారు.