చిగుళ్లకు అతుకు వేయించుకున్నాక అంగిలి మానే తీరు

చిగుళ్లు జారి పంటి వేళ్లు బయటపడినప్పుడు దంతవైద్యులు అంగిలి నుంచి కొంత కండ తీసి అక్కడ అతుకుతారు. దీన్నే గమ్ గ్రాఫ్ట్ అంటున్నారు. జాగ్రత్తల కాగితం బెంగళూరులో కన్నడంలోనో, చెన్నైలో తమిళంలోనో, లేకుంటే ఇంగ్లీషులోనో ఇస్తారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు చాలామందికి అక్కడి మాట వచ్చుగాని లిపి రాదు. అందుకని ముఖ్యమైనవి తెలుగులో ఇస్తున్నాం. మన అంగిలిని కన్నడంలో అంగుళ అంటారు. చిగుళ్లను తమిళంలో ఈరు, కన్నడంలో వసడు అంటారు. డాక్టరుగారితో మాట్లాడేటప్పుడు పనికొస్తాయి.

అతుకు వేసిన చోటుకన్నా కండ తీసిన చోటే ఎక్కువ బాధపెట్టవచ్చు. పైపొరతో సహా తీస్తే అంగిలి మీద పుండు తెరిచే ఉంటుంది. అంచుల నుంచి కొత్త పొర పాకి మూసుకోవడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. పైపొరను మూతలా ఎత్తి, లోపలి కండ మాత్రమే తీసి కుట్టేస్తే త్వరగా మానుతుంది, నొప్పీ తక్కువే. రెండింటిలో ఏది చేశారో అడిగి కాగితం మీద రాయించుకోండి. కొందరికి అంగిలికి అంటిపెట్టుకునే ప్లాస్టిక్ పలక ఇస్తారు. ఇబ్బందిగా ఉందని తీసి పక్కన పెట్టకండి.

కొద్ది రోజుల్లో పుండు మీద తెల్లగానో, పసుపుపచ్చగానో పొర కడుతుంది. చూసి చీమనుకుని గుడ్డతో తుడిచేవారున్నారు. అది చీము కాదు, పుండు మానడానికి శరీరం వేసుకున్న కప్పు. గీకితే మళ్లీ రక్తమే. పసుపు, లవంగనూనె రాయవద్దు. నూనె పచ్చిపుండును మండిస్తుంది.

రక్తం వస్తే పుక్కిలించి ఉమ్మకూడదు. ఉమ్మేకొద్దీ గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది. శుభ్రమైన గాజుగుడ్డ తడిపి, పుండు మీద 15 నుంచి 20 నిమిషాలు వేలితో గట్టిగా నొక్కిపట్టండి. మధ్యలో తీసి చూడవద్దు. అప్పటికీ ఆగకపోతే రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు ఆపరేషన్‌కు ముందే ఆ సంగతి చెప్పాలి. వాటిని సొంతంగా మాత్రం ఆపకూడదు.

తిండికి మన వంటింట్లో లోటు లేదు. చల్లారిన రాగి అంబలి, మెత్తగా పిసికిన పెరుగన్నం, పాలలో నానిన ఇడ్లీ సరిపోతాయి. జంతికలు, అప్పడాలు, ఆవకాయ, పొగలు కక్కే సాంబారు కొన్ని వారాలు మానుకోవాలి. స్ట్రాతో పీల్చడం కూడా వద్దు. ఆ వైపు బ్రష్ తగలనీయకుండా, డాక్టరు రాసిన క్లోర్‌హెక్సిడిన్ నీళ్లు చెప్పిన రోజు నుంచి మెల్లగా నోట్లో తిప్పి వదిలేయాలి.

పొగ తాగితే పుండు ఆలస్యంగా మానుతుంది, అతుకూ నిలవకపోవచ్చు. ఒడిశా సరిహద్దు వైపు, శ్రీకాకుళం పల్లెల్లో నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దమ్మలు ఇంకా ఉన్నారు. ఆ వేడికి అంగిలి ముందే పాడై ఉంటుంది, క్యాన్సరు భయమూ ఉంది. సిగ్గుపడి దాచకుండా డాక్టరుకు చెప్పించండి.

జ్వరం, దుర్వాసనతో చీము, వారం దాటినా పెరిగే నొప్పి, ఇవి కనిపిస్తే తర్వాతి తారీఖు దాకా ఆగకుండా చూపించుకోవలెనని మనవి.