క్లే షూటింగ్‌కు మొదటి షాట్‌గన్: కొనే ముందు తెలుసుకోవాల్సినవి

2004 ఏథెన్స్ ఒలింపిక్స్ డబుల్ ట్రాప్‌లో మన దేశానికి రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ రజతం తెచ్చారు. అదే పోటీలో స్వర్ణం గెలిచింది యూఏఈకి చెందిన షేక్ అహ్మద్ అల్ మక్తూమ్. ఆ దేశానికి అదే తొలి ఒలింపిక్ పతకం. 2022లో చాంగ్వాన్ వరల్డ్ కప్‌లో మైరాజ్ అహ్మద్ ఖాన్ స్కీట్ స్వర్ణం గెలిచారు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ షూటర్ కైనాన్ చెనాయ్ ట్రాప్ టీమ్ స్వర్ణంతో పాటు విడిగా కాంస్యం కూడా తెచ్చారు. ఇవన్నీ చూశాక పిల్లలకు శౌఖ్ పుట్టడం సహజం. అమ్మానాన్నలు అడిగే మొదటి ప్రశ్న కూడా ఒకటే: ఏ తుపాకీ కొనాలి?

ఈ ఆటలో తుపాకీ కొనడం మొదటి మెట్టు కాదు, మూడో మెట్టు. ముందు క్లబ్, తర్వాత లైసెన్స్, ఆ తర్వాతే తుపాకీ. ఈ వరుస తప్పితే డబ్బు పోతుంది, ఒక్కోసారి కేసు కూడా అవుతుంది.

ముందు ఆట ఏదో తేల్చుకోండి

క్లే అంటే 11 సెంటీమీటర్ల వెడల్పు, సుమారు 105 గ్రాముల బరువు ఉండే చిన్న పళ్లెం. మెషీన్ దాన్ని గాల్లోకి విసురుతుంది, షూటర్ పగలగొట్టాలి. ఒక రౌండ్‌కు 25 పళ్లేలు. ఒలింపిక్స్‌లో ఇప్పుడు రెండు రకాలు ఉన్నాయి.

ట్రాప్: షూటర్‌కు 15 మీటర్ల ముందు ఉండే గుంతలో నుంచి పళ్లెం లేచి దూరంగా పోతుంది. తుపాకీ ముందే భుజానికి ఆనించి పెట్టుకోవచ్చు. క్వాలిఫికేషన్‌లో ఒక్కో పళ్లేనికి రెండు షాట్లు ఉంటాయి. పగిలేసరికి పళ్లెం చాలా దూరం పోయి ఉంటుంది.

స్కీట్: అటూ ఇటూ రెండు గూళ్ల నుంచి పళ్లేలు అడ్డంగా వస్తాయి. 8 స్టేషన్ల మీద నిలబడి కొట్టాలి. పళ్లెం కనపడేదాకా తుపాకీ నడుము దగ్గరే ఉండాలి. పళ్లేనికి ఒక్కటే షాట్, దూరం తక్కువ.

దీన్నిబట్టే తుపాకీ మారుతుంది. ట్రాప్ తుపాకీ కాస్త బరువు, బ్యారెల్ పొడవు. లేచిపోయే పళ్లెం కోసం అది కొంచెం పైకే కొట్టేలా తయారవుతుంది. స్కీట్ తుపాకీ చురుగ్గా తిరగాలి. రెండు ఆటలకూ ఒకే తుపాకీ అంటే ఎక్కడో ఒకచోట సర్దుకోవాల్సిందే. అందుకే క్లబ్ తుపాకీతో రెండూ కొన్ని వారాలు ఆడి చూడండి.

బోర్: 12 దగ్గరే ఆగండి

పోటీల్లో 12 బోర్ కంటే పెద్దది ఒప్పుకోరు. 20 బోర్ తేలిక, చిన్న ఒళ్లు ఉన్నవాళ్లకు పట్టుకోవడం సులువు. కానీ మన దగ్గర కార్ట్రిడ్జ్‌లు సులభంగా దొరికేది 12 బోర్‌కే. పోటీల్లో అందరూ వాడేదీ అదే. అంతర్జాతీయ పోటీల కార్ట్రిడ్జ్‌లో సీసపు గుండ్ల బరువు 24 గ్రాములే కాబట్టి భుజానికి తగిలే దెబ్బ మరీ ఎక్కువ ఉండదు. తుపాకీ బరువు మూడున్నర కిలోల చుట్టూ ఉంటే ఆ దెబ్బ ఇంకా తగ్గుతుంది. తేలిక తుపాకీ చేతికి హాయిగా అనిపిస్తుంది గానీ, వంద షాట్ల తర్వాత అసలు సంగతి భుజమే చెప్తుంది.

ఏ రకం?

ఓవర్ అండ్ అండర్: ఒక బ్యారెల్ మీద ఇంకొకటి. క్లే షూటింగ్‌లో ఎక్కువమంది వాడేది ఇదే. మడత విప్పితే లోపల కార్ట్రిడ్జ్ ఉందో లేదో పక్కవాడికి కూడా కనిపిస్తుంది. కొత్తవాళ్లకు ఇదే పెద్ద రక్షణ.

సైడ్ బై సైడ్: మన పెద్దలు దోనాలీ బందూక్ అనేది ఇదే. రెండు బ్యారెల్స్ పక్కపక్కన ఉంటాయి. నేర్చుకోవడానికి పనికొస్తుంది. పోటీకి మాత్రం చూపు వెడల్పుగా పరుచుకోవడం, తేలిక బరువు ఇబ్బంది పెడతాయి.

సెమీ ఆటోమేటిక్: దెబ్బ తక్కువ. కానీ తరచూ శుభ్రం చేయాలి. ఖాళీ కేసులు పక్కవాళ్ల మీద పడతాయి. లోపల తూటా ఉందో లేదో దూరం నుంచి తెలియదు. మొదటి తుపాకీగా వద్దు.

బ్యారెల్ పొడవు ట్రాప్‌కు 30 నుంచి 32 అంగుళాలు, స్కీట్‌కు 28 నుంచి 30 అంగుళాలు మామూలు. బ్యారెల్ చివర ఉండే ఇరుకును చోక్ అంటారు. ఇరుకు ఎక్కువైతే గుండ్లు దూరం వరకు దగ్గరదగ్గరగా పోతాయి, అది ట్రాప్‌కు. ఇరుకు తక్కువైతే దగ్గర్లోనే విచ్చుకుంటాయి, అది స్కీట్‌కు. మార్చుకునే చోక్‌లు ఉన్న తుపాకీ దొరికితే కొత్తవాళ్లకు మేలు.

బ్రాండ్ కంటే కొలత ముఖ్యం

షాట్‌గన్‌కు రైఫిల్ లాగా వెనక సైట్ ఉండదు. ఆ పని చేసేది మీ కన్నే. చెంప స్టాక్ మీద ఎక్కడ ఆనుతుందో దాన్నిబట్టి కన్ను ఎత్తు మారుతుంది, గురి మారుతుంది. కాబట్టి షాపులో ఇలా చూసుకోండి.

* కళ్లు మూసి తుపాకీని భుజానికి ఎత్తండి. చెంప ఆనాక కళ్లు తెరవండి. బ్యారెల్ పైన ఉండే పట్టీ తిన్నగా, చివరి పూస దాకా కనపడాలి. ట్రాప్ తుపాకీ అయితే పట్టీ కొంచెం ఎక్కువ కనిపించవచ్చు.
* పట్టీ అస్సలు కనపడకపోతే స్టాక్ మీకు పల్లం. మరీ ఎక్కువ కనిపిస్తే ఎత్తు.
* ఎత్తేటప్పుడు మడమ చంకలో తట్టుకుంటే స్టాక్ పొడవు ఎక్కువ. బొటనవేలు ముక్కుకు తగిలేలా ఉంటే పొడవు తక్కువ.
* ఆడపిల్లలకు, టీనేజ్ పిల్లలకు పెద్దవాళ్ల కొలత స్టాక్ సరిపోదు. పొడవు తగ్గించే వీలుందా అని అడగండి.

ఇంకో పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. రెండు అరచేతులూ కలిపి మధ్యలో చిన్న కంత చేసి, దాంట్లోంచి దూరంగా ఉన్న వస్తువును రెండు కళ్లతో చూడండి. ఇప్పుడు ఒక్కో కన్ను మూయండి. ఏ కన్నుకు వస్తువు కదలకుండా కనిపిస్తుందో అదే మీ బలమైన కన్ను. కుడిచేతి వాటం వాళ్లకు ఎడమ కన్ను బలంగా ఉంటే ఎడమ భుజంతో నేర్చుకోవాలి, లేదా ఎడమ అద్దం మీద చిన్న టేప్ అంటించుకోవాలి. ఇది తెలియకుండా తుపాకీ కొంటే, తప్పు తుపాకీదే అనుకుంటూ ఏళ్లు గడిచిపోతాయి.

లైసెన్స్ లెక్క

ఆయుధాల చట్టం 1959, ఆయుధాల నిబంధనలు 2016 ప్రకారం లైసెన్స్ లేకుండా షాట్‌గన్ ఇంట్లో ఉంచడం నేరం. 21 ఏళ్లు నిండనివాళ్లకు మామూలు లైసెన్స్ రాదు. పిల్లలు రేంజ్‌లో శిక్షకుడి పర్యవేక్షణలో నేర్చుకోవడానికి వేరే నిబంధనలు ఉన్నాయి, వాటిని క్లబ్ వాళ్లు చెప్తారు. హైదరాబాద్‌లో దరఖాస్తు పోలీస్ కమిషనర్‌కు, కమిషనరేట్ లేని జిల్లాల్లో కలెక్టర్‌కు పెట్టుకోవాలి. పోలీసు విచారణ, ఆరోగ్య ధ్రువపత్రం, ఆయుధ భద్రత శిక్షణ, ఇంట్లో భద్రంగా ఉంచుతామనే హామీ అడుగుతారు. 2019 సవరణ తర్వాత లైసెన్స్ గడువు 5 ఏళ్లు. మామూలు వ్యక్తికి రెండు తుపాకులే పరిమితి, క్రీడాకారులకు మినహాయింపులున్నాయి.

తాత గారి బందూక్ ఇంట్లో ఉంది కదా అనుకునే కుటుంబాలు ఒకటి గుర్తుంచుకోవాలి. లైసెన్స్ మనిషికి ఇస్తారు, ఇంటికి కాదు. ఆయన చనిపోతే తుపాకీని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి, వారసులు తమ పేరు మీద లైసెన్స్ తెచ్చుకోవాలి. ఆ పాత తుపాకీతో క్లే ఆడే ముందు గన్‌స్మిత్‌కు చూపించడం తప్పనిసరి. పాత వాటిలో కొన్నిటి చాంబర్ రెండున్నర అంగుళాలే. ఇప్పటి కార్ట్రిడ్జ్ రెండుంముప్పావు అంగుళాలు. లోపల పట్టినట్టే ఉంటుంది, పేలినప్పుడు విప్పుకోవడానికి చోటు ఉండదు. ప్రాణం మీదికి వస్తుంది.

డబ్బు ఎక్కడ ఖర్చవుతుంది?

విదేశీ తుపాకీని మామూలు లైసెన్స్‌దారు దిగుమతి చేసుకోలేరు. నిర్ణీత స్కోరు సాధించి జాతీయ రైఫిల్ సంఘం గుర్తింపు పొందిన షూటర్లకే ఆ వీలు. అందుకే దేశంలో ఇప్పటికే ఉన్న బెరెట్టా, పెరాజీ లాంటి వాటికి ఇక్కడ బయటి ధరకు ఎన్నో రెట్లు అడుగుతారు. మొదటి తుపాకీకి అంత పెట్టడం అనవసరం. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ 12 బోర్‌తో గానీ, క్లబ్ తుపాకీతో గానీ మొదలుపెట్టి, స్కోరు పెరిగాక ఆలోచించండి.

తుపాకీ ఒక్కసారి ఖర్చు, కార్ట్రిడ్జ్‌లు ప్రతి వారం ఖర్చు. వారానికి రెండు రౌండ్లు అంటే 50 పళ్లేలు, ఏడాదికి సుమారు 2,500. స్కీట్‌కు అన్నే కార్ట్రిడ్జ్‌లు, ట్రాప్‌లో రెండో షాట్ వాడితే ఇంకా ఎక్కువ. మీ క్లబ్ రేటుతో గుణించి చూసుకోండి. రెండేళ్ల ఖర్చు చేతిలో లేకపోతే తుపాకీ కొనొద్దు. లైసెన్స్‌లో ఏడాదికి ఎన్ని కార్ట్రిడ్జ్‌లు కొనొచ్చో కూడా రాసి ఉంటుంది, అది సరిపోతుందా చూడండి. కళ్లద్దాలు, చెవి రక్షణ కూడా బడ్జెట్‌లో కలపండి. షాట్‌గన్ చప్పుడుకు దెబ్బతిన్న వినికిడి తిరిగి రాదు.

సెకండ్ హ్యాండ్ అయితే

* బ్యారెల్ లోపల వెలుతురులో చూడండి. సొట్ట, ఉబ్బు, తుప్పు గుంటలు ఉంటే వదిలేయండి.
* ముందు చెక్క తీసేసి, మూసిన తుపాకీని మెల్లగా ఊపండి. కీలు దగ్గర కదిలితే అరిగిపోయినట్టే.
* తుపాకీ నంబర్, అమ్మేవారి లైసెన్స్‌లో ఉన్న నంబర్ ఒకటేనా సరిచూడండి.
* వ్యక్తి నుంచి కొంటే అమ్మేవారు ముందుగా అధికారులకు రాతపూర్వకంగా తెలిపి, 45 రోజులు ఆగాలి. చేతికి చేయి బేరం వద్దు.

ఇంట్లో, బయట

తుపాకీ తాళం వేసిన ఇనుప బీరువాలో, కార్ట్రిడ్జ్‌లు వేరే తాళంలో ఉండాలి. తాళంచెవి లైసెన్స్ ఉన్నవారి దగ్గరే. పిల్లలకు అది ఎక్కడుందో తెలియకపోవడమే మంచిది.

పెళ్లి బారాత్‌లో గాల్లోకి కాల్చడం 2019 సవరణతో నేరమైంది. రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఎవరి ముచ్చట కోసమో తుపాకీ ఇవ్వకండి, బావమరిది అడిగినా సరే. ఎన్నికల సమయంలో డిపాజిట్ చేయమని నోటీసు వస్తే వెంటనే చేయండి.

రేంజ్‌కు వాడే బ్యాగును ప్రయాణాలకు వాడొద్దు. అడుగున మర్చిపోయిన ఒక్క కార్ట్రిడ్జ్ ఎయిర్‌పోర్ట్ స్కానర్‌లో దొరికితే ఆయుధాల చట్టం కింద కేసు పడే ప్రమాదం ఉంది. దుబాయ్, జెద్దా ఫ్లైట్ ఎక్కాల్సిన రోజున అది ఉద్యోగం మీదికే వస్తుంది.

హైదరాబాద్‌లో మొదలుపెట్టాలనుకునేవారు గచ్చిబౌలి వైపు ఉన్న షూటింగ్ రేంజ్‌లో, లేదా రాష్ట్ర రైఫిల్ సంఘంలో విచారించవచ్చు. మొదటి రోజు డబ్బు కాకుండా రెండు ప్రశ్నలు తీసుకెళ్లండి: కొత్తవాళ్లకు క్లబ్ తుపాకీ ఇస్తారా? కొలతలు చూసి చెప్పే శిక్షకుడు ఉన్నారా? రెండింటికీ అవునంటే కొనడానికి తొందరే లేదు.