నబవియ్యా మూసా: ఒక పరీక్ష, సగం జీతం

1906లో కైరోలోని సనియ్యా బాలికల పాఠశాలలో ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని నబవియ్యా మూసా ఉద్యోగంలో చేరింది. అదే పని చేసే పురుషుల జీతంలో సగమే ఆమెకు దక్కింది. కారణమేమిటని అడిగితే, పురుషులు మాధ్యమిక విద్యా పరీక్ష ఉత్తీర్ణులనీ, ఆమెకు ఆ ధ్రువపత్రం లేదనీ జవాబు వచ్చింది. అయితే ఆనాటికి బాలికలకు ప్రభుత్వ మాధ్యమిక పాఠశాల ఈజిప్టులో ఒక్కటీ లేదు.

అరబ్ స్త్రీల వెనుకబాటు గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా పరదానూ మతాన్నీ ఆచారాన్నీ కారణాలుగా చెబుతారు. వాటి బరువు తక్కువది కాదు. కానీ మూసాకు ఎదురైన అడ్డంకి ఒక ప్రభుత్వ నిబంధన రూపంలో వచ్చింది. 1882 నుంచి ఈజిప్టు బ్రిటిష్ ఆక్రమణలో ఉంది. విద్యాశాఖలో ఆంగ్లేయ సలహాదారు డగ్లస్ డన్లప్ మాటే చెల్లేది. పరీక్ష రాస్తానన్న మూసాను ఆ శాఖే నిరుత్సాహపరచింది. ఆమె ఇంట్లోనే సొంతంగా చదువుకొని 1907లో ఉత్తీర్ణురాలై, పురుషులతో సమానమైన జీతం సాధించుకుంది.

ఆ విజయం ఆమె ఒక్కరి దగ్గరే ఆగిపోయింది. 1908లో ఏర్పడిన ఈజిప్టు విశ్వవిద్యాలయం ఆమెను విద్యార్థినిగా చేర్చుకోలేదు. అక్కడ స్త్రీల కోసం మొదలుపెట్టిన ఉపన్యాసాలు సైతం వ్యతిరేకత కారణంగా 1912లో ఆగిపోయాయి. దేశానికి 1922లో నామమాత్రంగానైనా స్వాతంత్ర్యం వచ్చాక, 1925లో కైరోలోని షుబ్రాలో బాలికలకు ప్రభుత్వ మాధ్యమిక పాఠశాల వెలసింది. 1928లో ఆ పరీక్షలో మళ్ళీ బాలికలు ఉత్తీర్ణులయ్యారు. మరుసటి ఏడు విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టారు. మధ్యలో గడిచిన ఇరవైయొక్క ఏళ్ళలో లోపించింది బాలికల ప్రతిభ కాదు, వారికొక పాఠశాల.

చదువు తరువాతి మెట్టు ఉద్యోగం. 1920లో మూసా స్త్రీలనూ శ్రమనూ గురించి ఒక గ్రంథం ప్రకటించింది. పల్లెల్లో రైతు స్త్రీలు పురుషులతో పాటు పొలం పని చేస్తూనే ఉన్నారనీ, కనుక స్త్రీ శ్రమ కొత్త వింత కాదనీ ఆమె వాదన. అయినా ఆనాటి ప్రభుత్వ పాఠశాలల్లో ఉపాధ్యాయినికి పెళ్ళయితే ఉద్యోగం వదులుకోవలసిందే. మూసా జీవితాంతం అవివాహితగానే ఉండిపోయింది.

నేడు గల్ఫ్ దేశాలతో సహా అనేక అరబ్ దేశాల విశ్వవిద్యాలయాల్లో యువతుల సంఖ్య యువకులతో సమానంగానో అంతకన్న మిన్నగానో ఉంది. మధ్యప్రాచ్య, ఉత్తర ఆఫ్రికా ప్రాంతాల్లో మాత్రం ఉద్యోగం చేస్తున్న, లేదా వెతుక్కుంటున్న స్త్రీలు సుమారు ఐదో వంతే. ప్రపంచంలో అతి తక్కువ నిష్పత్తుల్లో ఇదొకటి. మూసాకు ఉద్యోగం ఉండి ధ్రువపత్రం లేకపోయింది. ఆమె మనుమరాళ్ళ తరానికి ధ్రువపత్రం ఉన్నా, చాలామందికి ఉద్యోగం ఇంకా అందలేదు.