పెద్దవారిలో పేగు చొరబాటు

పేగులో ఒక భాగం, చొక్కా చెయ్యి లోపలికి మడతపడినట్టు, దాని పక్క భాగంలోకి జారిపోవడమే పేగు చొరబాటు. దీన్ని వైద్యులు ఇంటస్ససెప్షన్ అంటారు. పేగుతో పాటు దాని రక్తనాళాలూ లోపలికి లాగబడతాయి. ముందు సిరలు నొక్కుకుని వాపు వస్తుంది. తర్వాత రక్తసరఫరా ఆగి పేగు చచ్చిపోతుంది. ఇది ప్రధానంగా పసిపిల్లల జబ్బు. పెద్దవారి వాటా సుమారు 5 శాతమే.

1674లో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యుడు పాల్ బార్బెట్ దీన్ని వర్ణించాడు. 1789లో లండన్ సర్జన్ జాన్ హంటర్ మరింత వివరంగా రాశాడు. 1871లో అదే నగరంలో సర్జన్ జొనాథన్ హచిన్‌సన్ రెండేళ్ల పాపకు పొట్ట తెరిచి, ఇరుక్కున్న పేగును వెనక్కి తీసి బతికించాడు. కోపెన్‌హేగన్ వైద్యుడు హిర్ష్‌స్ప్రుంగ్ మలద్వారం గుండా నీరెక్కించి, ఆ ఒత్తిడితో పేగును వెనక్కి నెట్టే పద్ధతిని 1876లో ప్రకటించాడు. పిల్లల వైద్యం నేటికీ చాలావరకు ఈ బాటలోనే నడుస్తోంది.

పెద్దవారికి ఈ బాట పనికిరాలేదు. పిల్లల్లో సాధారణంగా కారణమే కనబడదు. పెద్దవారిలో దాదాపు 90 శాతం మందికి పేగును ముందుకు లాగే గడ్డో, పాలిపో, పాత ఆపరేషన్ తాలూకు అతుకో ఉంటుంది. చిన్నపేగులోనివి ఎక్కువగా హానిలేని కొవ్వుగడ్డల వంటివి. పెద్దపేగులోనివి సగానికి పైగా క్యాన్సర్లు. క్యాన్సర్ ఉన్న పేగును వెనక్కి లాగితే అది చిరగవచ్చు, క్యాన్సర్ కణాలు చెదరవచ్చు. అందుకే పెద్దపేగులో అయితే విడదీయకుండా ఆ ముద్దనంతా కోసి తీయడమే సర్జన్లు పాటించే పద్ధతి. చిన్నపేగులో, పేగు సజీవంగా ఉండి గడ్డ హానిలేనిదని తేలితే, ముందు విడదీసి కొద్దిమేర కోస్తారు. అన్నిటికీ ఒకటే సూత్రం వర్తించదు.

పిల్లల్లోలా నొప్పి, పొట్టలో ముద్ద, నెత్తురు విరేచనం మూడూ కలిసి రావడం పెద్దవారిలో అరుదు. వారాల తరబడి వచ్చిపోయే నొప్పి, వాంతులే ఉంటాయి. కనుక ఒకప్పుడు జబ్బు తరచుగా ఆపరేషన్ బల్ల మీదే బయటపడేది. సీటీ స్కాన్ వచ్చాక వలయంలో వలయం లాంటి గుర్తు ముందే కనబడుతోంది. దాంతో ఇంకో సంగతీ తెలిసింది: మరేదో జబ్బు కోసం తీసిన స్కాన్‌లో కనిపించే పొట్టి చిన్నపేగు చొరబాట్లు చాలావరకు వాటంతటవే విడిపోతాయి. గడ్డ, అడ్డంకి లేకపోతే వాటికి కత్తి అక్కర్లేదు.

బరువు తగ్గడానికి గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవారిలో ఏళ్ల తర్వాత, ఏ గడ్డా లేకుండానే, ఈ జబ్బు రావచ్చు. అలాంటివారు కడుపునొప్పితో ఆసుపత్రికి వెళితే ఆ పాత ఆపరేషన్ సంగతి ముందుగా డాక్టరుకు చెప్పాలి.