ఇంగ్లండ్‌లో ఇంటి చదువుపై ప్రభుత్వ నియంత్రణ: ఆటిజం ఉన్న పిల్లలు

ఇంగ్లండ్‌లో పిల్లలకు చదువు చెప్పించడం తల్లిదండ్రుల చట్టబద్ధమైన బాధ్యత. ఆ చదువు బడిలోనే సాగాలన్న నిబంధన మాత్రం లేదు. వయసుకూ శక్తిసామర్థ్యాలకూ తగిన పూర్తికాలపు చదువును బడికి పంపి గానీ, మరో విధంగా గానీ అందించాలని 1944 విద్యా చట్టంలోని 36వ సెక్షన్ చెప్పింది. ఇంట్లో చదివించుకునే హక్కుకు ఆధారం అదే. 1996 చట్టంలోని 7వ సెక్షన్‌లోనూ అది కొనసాగుతోంది. ఈ హక్కును ప్రభుత్వం ఎంతవరకు పర్యవేక్షించవచ్చన్న వివాదం చాలా కుటుంబాలకు సూత్రప్రాయమైనదే. బడిలో ఇమడలేక ఇంటికి చేరిన ఆటిజం పిల్లల తల్లిదండ్రులకు అది దైనందిన సమస్య.

ఈ పిల్లల విషయంలో ప్రభుత్వ చరిత్ర గర్వించదగ్గది కాదు. 1970 దాకా ఆటిజం ఉన్న ఎందరో పిల్లలను బడి చదువుకు పనికిరానివారిగా తేల్చి, విద్యాశాఖ పరిధి నుంచి తప్పించి, ఆరోగ్య అధికారుల శిక్షణ కేంద్రాలకు పంపేవారు. ఆ కాలంలోనే సిబిల్ ఎల్గర్ అనే ఉపాధ్యాయురాలు లండన్‌లో తన ఇంటి నేలమాళిగలో కొందరు ఆటిజం పిల్లలకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. 1962లో తల్లిదండ్రులు కలిసి పెట్టుకున్న సంఘం 1965లో ఈలింగ్‌లో తెరిచిన బడికి ఆమే సారథ్యం వహించారు. ప్రభుత్వం చేతకాదన్న పనిని ఒక ఇంట్లో చేసి చూపించారన్న సంగతి, ఇంటి చదువు మీద తర్వాత సాగిన చర్చల్లో ఎవరికీ పెద్దగా గుర్తు రాలేదు. వైకల్యం ఎంత తీవ్రమైనదైనా ప్రతి బిడ్డా విద్యాశాఖ బాధ్యతేనని 1970 చట్టం నిర్ణయించింది. అది 1971 ఏప్రిల్ నుంచి అమలైంది. ఇచ్చే చదువు బిడ్డ ప్రత్యేక అవసరాలకు కూడా తగినట్టుండాలన్న షరతును 1981 చట్టం చేర్చింది.

చాలాకాలం పాటు పర్యవేక్షణ పలచగానే ఉండేది. ఇంట్లో చదివే పిల్లల జాబితా లేదు, అధికారులు ఇంట్లోకి వచ్చి చూసే హక్కూ లేదు. చదువు సరిగా సాగడం లేదని అనుమానం వస్తే స్థానిక కౌన్సిల్ వివరాలు అడగవచ్చని, జవాబివ్వకపోతే చదువు లేదన్న నిర్ణయానికి రావచ్చని 1980లో ఫిలిప్స్ వర్సెస్ బ్రౌన్ కేసులో కోర్టు చెప్పింది. ఆ నిర్ణయానికి వచ్చాక బిడ్డను బడికి పంపాలని కౌన్సిల్ ఉత్తర్వు ఇవ్వవచ్చు. మామూలు బడి నుంచి బిడ్డను మాన్పించడానికి తల్లిదండ్రుల లేఖ ఒక్కటి చాలు. కౌన్సిల్ చేర్పించిన ప్రత్యేక పాఠశాల నుంచి మాన్పించాలంటే మాత్రం కౌన్సిల్ అనుమతి కావాలి. తీవ్రమైన ఆటిజం ఉన్న బిడ్డ తల్లిదండ్రుల మీద మిగతావారికి లేని ఈ ఆంక్ష మొదటి నుంచీ ఉంది.

2009 జనవరిలో విద్యామంత్రి ఎడ్ బాల్స్ ఇంటి చదువు మీద సమీక్షను గ్రాహం బాడ్‌మన్‌కు అప్పగించారు. జూన్‌లో వచ్చిన నివేదిక 28 సిఫార్సులు చేసింది. ఏటా నమోదు తప్పనిసరి, ముందుగా తెలిపి అధికారి ఇంటికి రావచ్చు, అవసరమనిపిస్తే బిడ్డతో ఒంటరిగా మాట్లాడవచ్చు. మాట్లాడటంలో ప్రత్యేక అవసరాలున్న బిడ్డ అయితే, నమ్మకస్తులు ఒకరు పక్కన ఉండవచ్చు. ఆ నమ్మకస్తులు తల్లిదండ్రులు మాత్రం కాకూడదు. ఆటిజం గురించి తెలిసినవారు ఈ నిబంధన దగ్గరే ఆగిపోతారు. మాటలు రాని బిడ్డ చెవులు మూసుకుంటే ఫ్యాను చప్పుడు భరించలేకనా, భయపడా అన్నది చెప్పగలిగేది సాధారణంగా అమ్మో నాన్నో. వాళ్లను పక్క గదిలో కూర్చోబెట్టి, ముక్కూమొహం తెలియని మనిషిని ఎదురుగా నిలబెడితే బిడ్డ కళ్లలోకి చూడడు, అడిగిందానికి జవాబు చెప్పడు, బల్ల కిందికి దూరవచ్చు కూడా. ఆ ప్రవర్తన ఆటిజం వల్లనో నిర్లక్ష్యం వల్లనో తేల్చుకోవడానికి తగిన శిక్షణ లేని అధికారికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. పార్లమెంటు స్థాయీసంఘం కూడా ప్రతిపాదనలను విమర్శించి, నమోదు స్వచ్ఛందంగా ఉంటే చాలంది. 2010 ఏప్రిల్‌లో ఎన్నికల ముందు హడావిడిలో, ఈ ప్రతిపాదనలను చేర్చిన బిల్లు నుంచి ఆ భాగాన్ని తొలగించారు.

నియంత్రణకు రెండో ముఖం 2014 చట్టంలో ఉంది. ప్రత్యేక అవసరాలున్న బిడ్డకు విద్య, ఆరోగ్య, సంరక్షణ ప్రణాళిక తయారైతే, అందులో రాసిన స్పీచ్ థెరపీ వంటి విద్యాసేవలన్నీ కౌన్సిలే ఏర్పాటు చేయాలి. కానీ తల్లిదండ్రులు తామే తగిన ఏర్పాట్లు చేసుకుంటే 42వ సెక్షన్ కౌన్సిల్‌ను ఆ బాధ్యత నుంచి విడుదల చేస్తుంది. బడి సరిపడని బిడ్డకు బడి బయట కౌన్సిలే చదువు ఏర్పాటు చేసే మార్గం 61వ సెక్షన్‌లో ఉన్నా, అది దక్కాలంటే ముందు కౌన్సిల్ ఒప్పుకోవాలి. అప్పటిదాకా ఓపిక పట్టలేని తల్లి లేఖ రాసి బిడ్డను మాన్పిస్తే, చట్టం దృష్టిలో అది ఆమె సొంత ఎంపిక. రోజూ బడి గేటు దగ్గర వణికిపోయే బిడ్డను ఇంటికి తెచ్చుకోవడాన్ని ఎంపిక అనడం అన్యాయం. సేవలు ఆగిపోవడం అంతకన్నా పెద్ద అన్యాయం.

నమోదును తప్పనిసరి చేయబోయిన 2022 బిల్లును ఆ ఏడాది డిసెంబరులోనే ఉపసంహరించారు. 2023 ఆగస్టులో వోకింగ్‌లో పదేళ్ల బాలిక హత్యకు గురైంది. ఇంట్లో చదివిస్తామని చెప్పి కుటుంబం ఆమెను బడి మాన్పించి ఉంది. 2024 డిసెంబరులో తండ్రి, సవతి తల్లి హత్యకేసులో దోషులుగా తేలారు. అదే నెలలో కొత్త ప్రభుత్వం మరో బిల్లు ప్రవేశపెట్టింది. అప్పటికి ఇంగ్లండ్‌లో ఇంట్లో చదివే పిల్లలు దాదాపు 1,11,700 మంది. ప్రతి కౌన్సిల్‌లోనూ తప్పనిసరి జాబితా, బాలల రక్షణ విచారణలో ఉన్న పిల్లలను మాన్పించడానికి అనుమతి ఈ బిల్లులోని ముఖ్యాంశాలు. ప్రత్యేక పాఠశాలల పిల్లల విషయంలో అనుమతి నియమాన్ని కూడా ఇందులోనే పొందుపరిచారు. బిడ్డ మీద హింస జరుగుతోందన్న విచారణ, బిడ్డకు వైకల్యం ఉండటం ఇలా ఒకే నిబంధన కిందికి వచ్చాయి. జాబితాలో చేరిన కుటుంబం కోరితే కౌన్సిల్ అందించాల్సింది సలహా, సమాచారం. థెరపీ అందులో లేదు.