ఖురాన్‌లో గతించిన జాతులు

ఖురాన్‌లో పూర్వకాలపు జాతుల ప్రస్తావన అనేక చోట్ల కలదు. ప్రవక్తల బోధను తిరస్కరించి, అన్యాయంలో మునిగి నశించిన సమాజాలుగా ఇస్లామీయ సాహిత్యం వీటిని పరిగణిస్తుంది. నూహ్ జాతి, ఆద్, సమూద్, లూత్ జాతి, మద్యన్ వాసులు, ఫిరౌన్ పరివారం వీటిలో ముఖ్యమైనవి. ఈ వృత్తాంతాల నుండి గ్రహించవలసిన గుణపాఠాన్ని అరబ్బీలో 'ఇబ్రా' అనీ, ఉర్దూలో 'ఇబ్రత్' అనీ అంటారు. ఈ పదానికి మూలమైన ధాతువునకు 'దాటుట' అని అర్థం. కంటికి కనబడే శిథిలం నుండి కనబడని కారణానికి మనసు దాటిపోవాలని భావం.

వృత్తాంతాలు

యూసుఫ్ ప్రవక్త కథ ఒకే సూరాలో వరుసగా సాగుతుంది. జాతుల కథలు అలా కాదు. అల్ ఆరాఫ్ (7), హూద్ (11), అష్ షుఅరా (26) మొదలైన సూరాలలో మరల మరల వస్తాయి. ప్రతి జాతికీ ఒక ప్రవక్త, ఒక హెచ్చరిక, కొంత గడువు ఉంటాయి. అయితే ప్రతి జాతి దోషమూ వేరు.

హూద్ ప్రవక్త బోధించిన ఆద్ జాతి తమను మించిన బలవంతులు లేరని విర్రవీగినది (41:15). ఏడు రాత్రులు, ఎనిమిది పగళ్ళు వీచిన పెనుగాలికి వారు డొల్లబారిన ఖర్జూరపు మొద్దుల వలె పడిపోయారని వర్ణన (69:7).

సమూద్ జాతి కొండలను తొలిచి ఇళ్ళు కట్టుకొన్నది. వీరి వద్దకు వచ్చిన సాలిహ్ ప్రవక్త ఒక ఆడ ఒంటెను సూచనగా చూపి, నీటిని ఒకరోజు ఒంటెకు, ఒకరోజు ప్రజలకు వంతుగా నిర్ణయించాడు (26:155). వారు ఒంటె కాలి నరాలు కోసి చంపారు. ఆ పని చేసినది ఒక్కడే అయినా, మిగిలినవారు సమ్మతించినందున దోషం అందరిదీ అయినదని వ్యాఖ్యాతలు వివరిస్తారు.

మద్యన్ వాసుల దోషం బజారుకు సంబంధించినది. బహుదైవారాధనను విడువమనుటతో పాటు, తూనికలు కొలతలు సరిగా ఉంచమని, జనుల వస్తువులకు విలువ తగ్గించవద్దని షుఐబ్ ప్రవక్త వారికి బోధించాడు (7:85, 11:84-85). తమ సొమ్మును తమ ఇష్టప్రకారం వాడుకొనుటకు నమాజు అడ్డుపడుతుందా అని వారు ఎగతాళి చేశారు (11:87). పూజకూ వ్యాపారానికీ సంబంధం లేదనే ఈ వాదననే ఖురాన్ ఖండిస్తున్నది. కొలతల్లో మోసగించేవారిపై 'అల్ ముతఫ్ఫిఫీన్' పేరుతో ప్రత్యేకంగా ఒక సూరా (83) కూడా ఉన్నది.

యూనుస్ జాతి కథ వీటన్నిటికీ భిన్నం. లక్ష లేదా అంతకు మించిన జనాభా గల ఆ నగరం (37:147) చివరి ఘడియలో పశ్చాత్తాపపడగా శిక్ష తొలగిపోయినది (10:98). హెచ్చరిక ఉద్దేశం నాశనం కాదు, మార్పు అనుటకు పండితులు దీనినే ఉదహరిస్తారు.

శిథిలాలు

భూమిపై సంచరించి పూర్వుల గతి ఏమైనదో చూడమని ఖురాన్ పలుమార్లు కోరుతుంది (30:9). పాడుబడిన బావులు, ఖాళీ మేడలు అందులో సాక్ష్యాలు (22:45). సమూద్ జాతి నివాసంగా సంప్రదాయం చెప్పే అల్ హిజ్ర్ (మదాయిన్ సాలిహ్) సౌదీ అరేబియాలో ఉన్నది. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది. నేడు అక్కడ కనబడే రాతి సమాధులు క్రీస్తు శకం తొలినాళ్ళ నబతీయులవని పురావస్తు శాస్త్రజ్ఞుల నిర్ణయం. సమూద్ పేరు మాత్రం అంతకంటే పాతది, క్రీ.పూ. 8వ శతాబ్దపు అస్సీరియా చక్రవర్తి రెండవ సర్గోన్ శాసనాలలో కనిపిస్తుంది. 630లో తబూక్ యాత్రలో ఈ దారిన వెళ్ళిన మహమ్మద్ ప్రవక్త, అక్కడికి వినోదం కొరకు కాక కన్నీటితోనే ప్రవేశించమని అనుచరులకు చెప్పినట్లు హదీసులు తెలుపుతున్నాయి.

విపత్తులు, తీర్పులు

ఈ కథలను చదివి, తుఫానులో మరణించినవారంతా పాపులనుకొనుట పొరపాటు. ఇస్లాం బోధలోనే దీనికి అడ్డుకట్టలు ఉన్నాయి. ఒకరి భారం మరొకరు మోయరు (6:164). నూహ్ కుమారుడు, లూత్ భార్య నశించగా ఫిరౌన్ భార్య ఆదర్శ విశ్వాసిగా కీర్తించబడినది. అనగా ఇక్కడ లెక్క వంశానిది కాదు, నడతది. జనులు సంస్కరణ మార్గంలో ఉండగా ఊళ్ళను అన్యాయంగా నాశనం చేయుట లేదని మరొక ఆయత్ (11:117) భావం. తౌరాత్ అవతరణ తరువాత జాతులను సమూలంగా తుడిచిపెట్టే శిక్షలు ఆగిపోయాయని కొందరు వ్యాఖ్యాతల అభిప్రాయం. అన్నిటికంటే ముఖ్యమైనది బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు: నీట మునిగి, గోడ కూలి, అంటువ్యాధి సోకి మరణించిన విశ్వాసులకు అది షహీదు స్థానం ఇస్తుంది.

ఈ భేదం కృష్ణా తీరవాసులకు కేవలం శాస్త్రచర్చ కాదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో సుమారు 10,000 మంది, అన్ని మతాలవారూ, ప్రాణాలు కోల్పోయారు. వారిపై తీర్పు చెప్పే అధికారం ఈ వృత్తాంతాలు ఎవరికీ ఇవ్వవు.

తెలుగు నేలపై

2022 వరకు కృష్ణా జిల్లాలోనూ, తరువాత ఎన్టీఆర్ జిల్లాలోనూ ఉన్న తిరువూరు, ఖమ్మం సరిహద్దున గల మెట్ట ప్రాంతం. నాగార్జున సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు చివరి భాగం ఇది. కాలువ చివరి రైతుకు నీటి వంతు అంటే ఏమిటో, ఎగువవారు దానిని కాదంటే ఏమవుతుందో విడమరచి చెప్పనక్కరలేదు. సమూద్ కథ అతనికి దూరదేశపు కథగా తోచదు. అట్లే పత్తి, మిరప, మామిడి అమ్ముకొనే చోట కాటా వద్ద తేడా వచ్చినా, తరుగు పేరిట కోత పెట్టినా ఏడాది కష్టం పోతుంది. షుఐబ్ ప్రవక్త వాదించినది సరిగా ఆ రైతు పక్షమే.

కోస్తా ఆంధ్రలో తెలుగే మాతృభాషగా గల నూర్‌బాషా (దూదేకుల) ముస్లిములకు ఈ కథలు తెలుగు అనువాదాల ద్వారా కూడా చేరాయి. ఖురాన్‌ను మొదటిసారి తెలుగులోకి అనువదించినది ముస్లిమేతరుడైన భాషా చరిత్రకారుడు చిలుకూరి నారాయణరావు.